ఉర్బీనా మాస్టారి ముఖం

వీధిలో ట్రక్కు హారన్ మళ్ళీ మోగింది. నేను పెరట్లో నిలబడి ఖాళీ గోడను చూస్తున్నాను.

ఆ గోడకి ఆనుకుని ఉండాల్సింది నా డిగ్రీ. ఇంటి చూరు కన్నా ఎత్తైన మనిషి బొమ్మ. లోపల రెల్లు కర్రల గూడు, పైన పొరలు పొరలుగా పాత పేపర్లు, మైదా జిగురు. రంగు లేదు, ముఖం లేదు. రెండు చేతులూ చాచి నిలబడి ఉంటుంది. ఆర్ట్ స్కూల్లో మాస్టర్స్ కోసం ఏడాదంతా కూర్చుని నేను చేసింది అదొక్కటే. ఈస్టర్ సెలవులు అయిపోగానే వైవా. బొమ్మను స్కూలు గ్యాలరీకి తీసుకెళ్ళడానికి ట్రక్కు మాట్లాడుకుని వచ్చాను. డ్రైవరు దాన్ని ఎక్కడ విరగ్గొడతాడోనని ఉర్బీనా మాస్టారు స్వయంగా వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. నా గైడు ఆయనే. జ్యూరీ పెద్ద కూడా ఆయనే.

"అమ్మా, నా బొమ్మేది?"

అమ్మ వంటింట్లో రొట్టె ముక్కల మీద బెల్లం పాకం పోస్తోంది. ఈస్టర్ ముందు శనివారం ఈ పాకం రొట్టె, కాపిరోతాదా, లేకుండా మా వీధిలో ఏ ఇంట్లోనూ తెల్లవారదు. తలెత్తకుండానే అడిగింది.

"ఏ బొమ్మే?"

"ఏ బొమ్మంటావేంటమ్మా? పెరట్లో నాది ఇంకెన్ని బొమ్మలున్నాయి?"

"నిన్నంతా నాకు తలనొప్పి. మంచం దిగితే కదా. వెళ్ళి నాన్ననడుగు."

నాన్న గడప మీద కూర్చుని కాఫీలో రొట్టె ముంచుకుంటున్నాడు. పేరు ఎలాదియో. మెర్సేద్ మార్కెట్ వెనకున్న ఈ వీధుల్లో యూదా బొమ్మలంటే ఎలాదియో బొమ్మలే. తాత దగ్గర్నించి వచ్చిన పని. ఏసును పట్టించిన యూదాను ఈస్టర్ ముందు శనివారం టపాకాయలు కట్టి వీధి మధ్యలో పేల్చడం మా ఆచారం. యూదా అంటే అసలు యూదాయే అక్కర్లేదు. ఆ ఏడాది ఎవరి మీద జనానికి మండితే వాళ్ళ ముఖం.

"అంత పొడుగు మనిషిని ఎవడెత్తుకుపోతాడే తల్లీ," అన్నాడు నాన్న. "ఏడాదిగా నిలబెట్టావు. కాళ్ళు పీకి వాడే నడిచిపోయుంటాడు."

"నాన్నా, బయట మాస్టారున్నారు."

"ఆయన్నీ లోపలికి రమ్మను. కాఫీ ఉంది."

నేను బుధవారం వెళ్ళి, అప్పట్నించీ స్కూల్లోనే ఉన్నాను. గ్యాలరీ గోడలకి తెల్లరంగు వెయ్యడానికి. మూడు రోజులు ఇల్లు వదిలినందుకు ఇదీ ఫలితం. అనుమానించాల్సినవాడు ఒక్కడే మిగిలాడు. నా తమ్ముడు తాచో. బొమ్మలకి టపాకాయలు కట్టేదీ, బండెక్కించేదీ వాడే. తల నుంచి నీళ్ళు కారుతుండగా అప్పుడే గేటు తీసుకుని వస్తున్నాడు. ఆ శనివారం ఎవరు ఎవరి మీదైనా బకెట్ నీళ్ళు కుమ్మరించొచ్చు. అదీ ఆచారమే.

కాలరు పట్టుకున్నాను.

"ఒరే, నా బొమ్మనేం చేశావురా?"

"అమ్మతోడు అక్కా, తెల్లబొమ్మని ముట్టుకోలేదు. ముట్టుకుంటే చంపుతానన్నావుగా. నేను రంగేసినవే ఎక్కించా."

"ఎక్కణ్ణించి?"

"షెడ్డులోంచి. అన్నీ షెడ్డులోవే. ఒక్కటే పెరట్లో ఉంది. ఎర్రకొమ్ములది. బాగా పెద్దది." ఆగాడు. నా చెయ్యి వాడి కాలరు మీద బిగుసుకోవడం వాడికి తెలిసింది. "నాన్న లేటుగా పూర్తి చేశాడనుకున్నా."

అప్పుడు అర్థమైంది. దొంగతనం కాదు. అంతకన్నా ఘోరం. ఎవరో నా బొమ్మకి సాయం చేశారు.

మా ఇంట్లో లెంటులో, అంటే ఈస్టర్ ముందు నలభై రోజులూ, ఒకటే చట్టం. రంగు పడని బొమ్మంటే మిగిలిపోయిన పని. ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు కుంచె అందుకుంటారు. ఇదెవరిదీ అని అడగరు. రంగు పడ్డ బొమ్మ బండెక్కుతుంది. ఎవరూ సంతకం చెయ్యరు, శనివారానికి బూడిదయ్యేదాని మీద సంతకమెందుకు? ఆ చట్టంలో పుట్టి పెరిగిన నేను లెంటు చివరి వారంలో తెల్లబొమ్మను పెరట్లో నిలబెట్టి వెళ్ళాను. వేరేవాళ్ళది అలా కనపడితే నేనూ కుంచె తీసి ఉండేదాన్నే.

"ఏ వీధికి పంపావు?"

"దోన్ ఫెర్మిన్ వీధికి. గంటలు కొట్టగానే వెలిగిస్తారు."

పరిగెత్తాను. ట్రక్కు పక్కనుంచి వెళ్తుంటే మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టారు.

"యోలాందా, బొమ్మెక్కడ?"

"పక్కవీధిలో ఉంది మాస్టారూ."

"పక్కవీధిలో ఏం చేస్తోంది?"

"వేలాడుతోంది."

ఆయన దిగి నా వెనకే వచ్చారు. లేతరంగు నార సూటు, నున్నగా దువ్విన జుట్టు, ముక్కు చివర కళ్ళద్దాలు. ఆ వేషంతో ఆ రోజు మా వీధిలోకి ఎవరూ అడుగు పెట్టరు. మలుపు తిరగ్గానే మేడ మీంచి ఒక ముసలామె నిండు బకెట్ ఆయన నెత్తిన గుమ్మరించి, "పండగ శుభాకాంక్షలు డాక్టరుగారూ," అంది. ఆయన డాక్టరని ఆమెకెలా తెలిసిందో ఇప్పటికీ తెలీదు. సూటును బట్టి అయ్యుండొచ్చు.

వీధి నిండా జనం. ఈ డాబా నుంచి ఆ డాబాకి తాడు కట్టి ఉంది. దానికి యూదాలు వరసగా వేలాడుతున్నారు. లాఠీ పట్టుకున్న పోలీసు, మైకు గొట్టంలో మాట్లాడుతున్న మంత్రి, అద్దె పెంచిన ఇంటి ఓనరు. అందరికన్నా పెద్దది నడిమధ్యన ఉంది.

చేతుల్ని బట్టి పోల్చుకున్నాను. నా అరచేతుల మీదే అచ్చు తీసి పోత పోసిన వేళ్ళవి. చాచిన చేతుల్నిండా టపాకాయల దండలు. ఎర్రకొమ్ములు. ఊదారంగు కోటు. గాలికి బొమ్మ నెమ్మదిగా అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగింది.

ముఖం కనపడింది.

ప్రతి మంగళవారం నేను మాట్లాడ్డం మొదలెట్టగానే పైకి లేచే ఎడం కనుబొమ్మ. ముక్కు చివర జారిన కళ్ళద్దాలు. "ఆసక్తికరం" అనబోతున్నట్టు ఒక పక్కకి లాగిన పెదవి. ఆ ఒక్క మాటతో ఆయన మా క్లాసులో సగంమందిని ఏడిపించారు. ఇక్కడ ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది. వచ్చేస్తుందేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను.

పక్కన ఉర్బీనా మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు. తలెత్తారు. ఆయన ఎడం కనుబొమ్మ పైకి లేచింది.

పైన కూడా లేచే ఉంది.

దోన్ ఫెర్మిన్ ఆ వీధిలో మాంసం కొట్టాయన. యూదాలను కట్టించేది, పేల్చేది ఆయనే. నోట్లో చుట్టతో బొమ్మకేసి ఒకసారి, మాస్టారికేసి ఒకసారి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"సెన్యోర్, ఏమీ అనుకోకండి," అన్నాడు. "మీకేమైనా చుట్టరికమా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకి వీధి చివరిదాకా వెళ్ళింది.

"దోన్ ఫెర్మిన్, అది దించాలి," అన్నాను. "అది యూదా కాదు. నా పరీక్ష."

"పరీక్షా?"

"డిగ్రీకి చేసిన బొమ్మ. తాచో పొరపాటున ఎక్కించాడు."

"అమ్మాయ్, వత్తి ఒకటే. ఈ చివర్నించి ఆ చివరికి అందరి కడుపుల్లోంచీ పోతుంది. నడుమనున్నాయన్ని దించితే ఓనరు పేలడు. ఓనరు పేలకపోతే ఈ జనం నన్ను పేలుస్తారు." చుట్ట బయటికి తీశాడు. "అయినా నీ ఇష్టం. దించమంటే దించుతా. ఎలాదియో కూతురివి."

మాస్టారు ఇంకా పైకే చూస్తున్నారు. "ఇది నువ్వేశావా, యోలాందా?"

"లేదు మాస్టారూ."

"తెలుసు. నీకు ముఖాలు రావు. అందుకే వద్దన్నాను."

గురువారం నుంచి మూగగా ఉన్న చర్చి గంటలు అప్పుడు మోగాయి. వీధి మొత్తం గొంతెత్తింది. దోన్ ఫెర్మిన్ నావైపు చూశాడు. బొమ్మ గాలికి కొంచెం ఊగి, చేతులు చాచి, జనం మీదకి వంగినట్టు వంగింది. ఏడాదిపాటు నేను దాన్ని గోడకి ఆనించే చూశాను. గాలిలో ఎప్పుడూ చూడలేదు.

"వెలిగించండి," అన్నాను.

పోలీసు ముందు పోయాడు. మంత్రి కన్నా గొట్టం ఎక్కువసేపు పేలింది. తర్వాత నా బొమ్మ చేతుల దండలు అంటుకుని, బొమ్మ గిర్రున తిరిగింది. ఊదా కోటు చీలి కడుపు బద్దలైంది. కడుపులోంచి సాసేజ్ దండలు, మిఠాయిలు వాన కురిశాయి. దోన్ ఫెర్మిన్ ప్రతి ఏడాదీ పెద్ద యూదా కడుపులో తన కొట్టు సరుకు కుక్కిస్తాడు. ఆడవాళ్ళు శాలువా కొంగులు పట్టారు, మొగవాళ్ళు టోపీలు పట్టారు. ఒక సాసేజ్ దండ వచ్చి మాస్టారి మెడలో పడింది. చిట్టచివరికి ముఖమొక్కటే మిగిలింది. కనుబొమ్మ ఎత్తి, పొగలో తిరుగుతూ, ఒక్కొక్కరినీ పరీక్షించి చూసి, పెద్ద చప్పుడుతో పోయింది.

వీధి ఈలలు వేసింది, చప్పట్లు కొట్టింది.

"నా గురించి ఇంతమంది చప్పట్లు కొట్టడం ఇదే మొదటిసారి," అన్నారు మాస్టారు. మెడలోని దండ తీసి చూసుకున్నారు. వాసన చూశారు. జేబులో పెట్టుకున్నారు. తాడుకి రెల్లు గూడు, మాడిన తీగ, వేళ్ళు సగం కాలిన ఒక చెయ్యి వేలాడుతున్నాయి. దానివైపు చాలాసేపు చూశారు.

"మిగిలింది గ్యాలరీకి పట్రా. అదే నీ పని. ఏడాదిలో నువ్వు చేసినవాటిలో ఇదే బాగుంది. కానీ వైవాలో మొదటి ప్రశ్న ఇప్పుడే అడిగేస్తున్నాను. ఆ ముఖం ఎవరిది?"

"మీదే కదా సార్," అన్నాడు మా వెనకే వచ్చిన తాచో.

"వేసిందెవరని. డిగ్రీ ఒక్కరికిస్తాం. పనిలో ఇంకో చెయ్యి ఉంటే ఆ పేరు జ్యూరీ ముందు చెప్పాలి. దాస్తే ఇది నీ పనీ కాదు, నీకు డిగ్రీ లేదు."

"నాన్నే వేసుంటాడు మాస్టారూ. ముఖాలన్నీ ఆయనవే."

"అయితే ఆయన్ని తీసుకురా."

సులువే అనుకున్నాను.

ముందు తాచో కాదని తేల్చుకోవాలి. కాగితమిచ్చి కనుబొమ్మ గియ్యమన్నాను. గొంగళిపురుగు గీశాడు. రెండోది గియ్యమంటే మొదటి గొంగళిపురుగుకి తోడు తెచ్చాడు. వాడు కాదు.

ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం నాన్న షెడ్డులో పాత పేపర్లు దొంతర పెడుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, ఉర్బీనా మాస్టారి ముఖం నువ్వేనా వేసింది?"

"నేనే."

మరీ వెంటనే అన్నాడు. నాన్న దేనికీ వెంటనే జవాబు చెప్పడు. సంత ఏ రోజు అనడిగినా గడ్డం గోక్కునే మనిషి.

"ఎందుకు వేశావు?"

"వెయ్యాలనిపించింది. తెల్లగా నిలబడి ఉంటే చూడలేకపోయా."

"కోటు భలే వేశావు. ఆకుపచ్చ బాగా కుదిరింది."

"ఆకుపచ్చ ఎప్పుడూ కుదురుతుంది," అన్నాడు నాన్న.

కోటు ఊదారంగు. నాన్న పేపర్లను చూడ్డం లేదు. ఒక్కొక్కదాని అంచూ వేలితో తడిమి దొంతరలో పెడుతున్నాడు. ఎన్నాళ్ళుగా అలా తడుముతున్నాడు? నేను స్కూలు, గ్యాలరీ, మాస్టారి కనుబొమ్మ అంటూ తిరుగుతున్న రెండేళ్ళూ ఇంట్లో ఇదంతా నా ఎదురుగానే జరిగింది.

"నాన్నా, నా స్వెటర్ ఎలా ఉంది?"

"ఎప్పుడూ వేసుకునేదే కదా. బాగుంది."

"నేను స్వెటర్ వేసుకోలేదు."

నాన్న చేతులు ఆగిపోయాయి. బయట ఎవరి రేడియోలోనో పాట వస్తోంది. నాన్న చేతిలోని పేపరు దొంతర మీద పెట్టాడు.

"వెలుతురు తెలుస్తుంది," అన్నాడు. "మనుషులు తెలుస్తారు. ముక్కులూ కళ్ళూ తెలియవు. నాలుగు లెంటులైంది."

"అమ్మకి తెలుసా?"

నాన్న నవ్వాడు. "అమ్మకి తెలీకుండా ఈ ఇంట్లో ఈగైనా వాలుతుందా?"

అంటే నాలుగేళ్ళుగా మా షెడ్డులోంచి బయటికెళ్ళిన మంత్రుల్నీ, పోలీసుల్నీ, ఎలాదియో ముఖాలంటూ నాలుగు పేటల వాళ్ళు పోటీలుపడి పట్టుకెళ్ళిన యూదాలన్నిటినీ వేసినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ ఇంట్లో మేం నలుగురం. ఇద్దరు కాదని తేలింది. మూడోది నేను.

వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ గిన్నెలు తోముతోంది. తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. ఆమె గిన్నె వెనకా ముందూ రెండుసార్లు తోమింది.

"తలనొప్పి తగ్గిందా అమ్మా?" అన్నాను.

"తగ్గింది."

"శుక్రవారం మధ్యాహ్నం అందరూ సిలువ ఊరేగింపుకి వెళ్ళాకే వచ్చిందా?"

అమ్మ గిన్నె దించింది. చేతులు తుడుచుకుంది. ఇంక దాచి లాభం లేదని ఆ తుడుచుకోవడంలోనే తెలిసింది.

"ఆ పెద్దమనిషి ఆ రోజు మన షెడ్డుకొచ్చి ఏమన్నాడే? నీతో అంటున్నాడు, నేను పక్కనే జిగురు కలుపుతున్నా. నన్నో బస్తా అనుకున్నాడు. ముఖం పెట్టకు యోలాందా, మీ ఇంటి ముఖాలన్నీ ఒకే ముఖం అన్నాడు."

"గుర్తుంది."

"ఒకే ముఖమట. నాలుగేళ్ళు. మీ నాన్న పక్కన కూర్చుని ముక్కు ఇంకొంచెం లాగు, పెదవి తగ్గించు అంటుంటే నేర్చుకున్నా. తర్వాత ఆయన చెప్పకుండానే వచ్చింది. ఒకే ముఖమా? సరే, నీ ముఖమే వేస్తా, అదీ ఒకేలా వస్తుందేమో చూద్దామనుకున్నా."

"ఒక్కసారే కదా చూశావు ఆయన్ని?"

"ఒకసారి చాల్లే. ఆ కనుబొమ్మని రెండోసారి చూస్తే ఎవరికి ఆకలేస్తుంది?"

నవ్వాపుకోలేకపోయాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత గబగబా చెప్పింది. ఎండాక మళ్ళీ తెల్లరంగు కొట్టేద్దామనే వేసిందట. డబ్బా కూడా తీసి పెట్టుకుందట. సాయంత్రం ప్రార్థనకి వెళ్ళొచ్చేసరికి తాచో బండెక్కించేశాడు.

"మరి పొద్దున నేనడిగినప్పుడు చెప్పొచ్చు కదమ్మా. పేలకముందే దించేవాళ్ళం."

"చెబుదామనుకున్నా." అమ్మ పొయ్యివైపు తిరిగింది. "అది వీధి మధ్యలో వేలాడుతుంటే ఆయనోసారి చూడాలనీ అనుకున్నా. పాకం పోస్తూ రెండూ అనుకుంటూనే ఉన్నా. నువ్వు పరిగెత్తావు."

"వైవాలో నీ పేరు చెప్పాలమ్మా. లేకపోతే డిగ్రీ ఇవ్వరు."

ఆమె ముఖంలోని నవ్వంతా పోయింది.

"చెప్పకు. ముఖం మొగాళ్ళ పనే ఈ వీధిలో. జనం వచ్చేది ఎలాదియో ముఖాల కోసం. ఎలాదియో భార్య ముఖాల కోసమా? మీ నాన్నకి చూపు లేదని తెలిస్తే రేపు అందరూ జాలి చూపిస్తారు. ఆయన దేన్నైనా తట్టుకుంటాడు, జాలిని తట్టుకోలేడు. నాన్నే వేశాడని చెప్పు. ఆయనా సరేనంటాడు."

"అబద్ధమాడనా?"

"నాలుగేళ్ళుగా ఆడుతున్నాంగా. ఇంకొక్కటి."

ఆ వారమంతా కాలిన గూడును గ్యాలరీలో వేలాడదీస్తూ ఇదే ఆలోచించాను. నాన్న పేరు చెబితే డిగ్రీ వస్తుంది, అబద్ధంతో. అమ్మ పేరు చెబితే డిగ్రీ వస్తుంది, నాన్న పరువుతో. ఏదీ చెప్పకపోతే డిగ్రీ రాదు. బుధవారానికి తేల్చుకున్నాను. రాకపోతే రాకపోయింది.

మా దగ్గర వైవా అంటే ఇంటిల్లిపాదీ వస్తారు. నాకైతే వీధే వచ్చింది. దోన్ ఫెర్మిన్ పెళ్ళినాటి సూటులో ఉన్నాడు. బొత్తాలు పెట్టుకోవడం ఎప్పుడో మానేసినట్టున్నాడు. బకెట్ ముసలామె ముందు వరసలో కూర్చుంది. నాన్న, అమ్మ, తాచో వెనక. తెల్లగోడల మధ్య మాడిన రెల్లు గూడు కప్పు నుంచి వేలాడుతోంది. తలుపు తీసినప్పుడల్లా కొంచెం తిరుగుతోంది. కింద నేల మీద రాలిన బూడిదను ఊడవనివ్వలేదు నేను.

బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఉర్బీనా మాస్టారు, కొత్త సూటులో. మాట నిలబెట్టుకున్నారు.

"మొదటి ప్రశ్న. ముఖం ఎవరు వేశారు?"

"శరీరం నేను చేశాను," అన్నాను. "కాల్చమన్నదీ నేనే. ముఖం నేను వెయ్యలేదు. వేసిందెవరో తెలుసు. చెప్పను."

"చెప్పరా?" అంది పక్కనున్న ఆవిడ.

"చెప్పను మేడమ్."

మాస్టారు కళ్ళద్దాలు తీశారు. "నియమం తెలిసే అంటున్నావా, యోలాందా?"

"తెలిసే."

"దీనికింత ఆలోచనెందుకండీ," అన్నాడు దోన్ ఫెర్మిన్ లేచి నిలబడి. "అవి ఎలాదియో ముఖాలు. పేటంతా ఎరుగుదుం. ఆ అమ్మాయికి మొహమాటం."

"కూర్చోండి," అంది ఆ మేడమ్.

"కూర్చుంటా. చెప్పి కూర్చుంటున్నా."

మాస్టారు వెనక వరసకేసి చూశారు. "దోన్ ఎలాదియో, మీరేనా?"

అమ్మ నాన్న మోచెయ్యి నొక్కడం నాకు కనపడింది. ఊ అనమని. నాన్న లేచాడు. నిలబడ్డాక టోపీ తీసి ఛాతీకి పట్టుకున్నాడు. బల్లవైపు కాకుండా కొంచెం పక్కకి, కిటికీ వెలుతురున్న వైపు తిరిగి నిలబడ్డాడు. మాస్టారి కనుబొమ్మ లేవబోయి ఆగిపోయింది. ఆయనకి అప్పుడే అర్థమైందనుకుంటాను.

"నేను కాదండీ," అన్నాడు నాన్న కిటికీతో. "నాలుగేళ్ళుగా ఎదుటివాళ్ళ ముక్కు నాకు తెలీదు. మీ ముక్కేం గీస్తాను?"

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వాక నవ్వారు. దోన్ ఫెర్మిన్ మాత్రం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"కూర్చో," అంది అమ్మ పళ్ళ మధ్యనుంచి. "ఎలాదియో, కూర్చో."

"కూర్చుంటానే. ఎన్నాళ్ళు కూర్చోను?" నాన్న మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "ఆ ముఖమొక్కటే కాదు. నాలుగేళ్ళుగా మన పేటలో పేలిన ప్రతి ముఖమూ ఆ చేతిదే. పోయినేడాది మంత్రిని చూసి మీరంతా పడి పడి నవ్వారే, అదీ. నవ్వింది విన్నాను. చూళ్ళేదు. నేను వేసినవాటికి మీరెప్పుడూ అంతలా నవ్వలేదు."

గదిలో జనం ఒకరి ముఖాలొకరు చూసుకోవడం మొదలెట్టారు. మాస్టారు పెన్ను తీశారు, పేరు రాసుకోవడానికి.

డిగ్రీ నాకు ఆ సాయంత్రమే వచ్చింది. దోన్ ఫెర్మిన్ కొట్టు వెనక వాకిట్లో పొద్దు గుంకేదాకా మిరపకాయల మోలే కూర తిన్నాం. మాస్టారు అమ్మ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, మా ఇంటి ముఖాలన్నీ ఒకటేనన్న మాట వెనక్కి తీసుకున్నారు. అమ్మ ఆయన కంచంలో ఇంకొక మొక్కజొన్న తమాలే వేసి, కదలకుండా కూర్చోమంది, రెండో కనుబొమ్మ సంగతి ఇంకా తేలలేదంది. ఎండలు ముదిరేలోపు నాన్న కంటి ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు, వచ్చే ఏడాది మంత్రి ముఖం ఎలా ఉంటుందో చూడకుండా పోనన్నాడు. మర్నాడు పొద్దున్నే వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు మా గేటు దగ్గర నిలబడి కుంచె పట్టడం నేర్పుతారా అని అడిగారు.

అవన్నీ తర్వాత. ఆ క్షణానికి అమ్మ నాన్న చొక్కా లాగుతూనే ఉంది, ఆయన వదిలించుకోలేదు, కూర్చోనూ లేదు. నాన్న ఈసారి కిటికీవైపు కాక, అమ్మ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. గదంతటికీ వినపడేలా చెప్పాడు.

"వేసింది ఇదిగో, నా భార్య. కొన్సువేలో ఒకరాన్సా."